నాసిక్‌లో లాడ్జి చేసిన మోసం, సూట్‌కేసు రిపేరతను చేసిన మేలు

షిరిడీ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. విజయవాడలో నర్సాపురం–నాగర్‌సోల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నాగర్‌సోల్ స్టేషన్ బయట షేరింగ్ బండివాడు మనిషికి 120 తీసుకున్నాడు, సంస్థాన్ గది ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకున్నాం కాబట్టి టెన్షన్ లేదు, దర్శనం బాగా అయింది, ప్రసాదాలయం భోజనం అమ్మకు నచ్చింది. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత వెళ్లిన నాసిక్ గురించి. అక్కడ ఒక లాడ్జి మమ్మల్ని నిలువునా ముంచింది, ఒక రిపేరు షాపాయన మా ట్రిప్పు నిలబెట్టాడు. రెండూ చెప్తాను.

నాసిక్ వెళ్దామన్న పట్టుదల నాన్నది. అమ్మకు త్ర్యంబకంలో గోదావరి పుట్టిన చోటు చూడాలని ఉంది, మా ఆయన కాళారామ మందిరం, పంచవటి అన్నారు. నాన్న మాత్రం "సాత్‌పూర్ చూపించండమ్మా చాలు" అన్నారు. సాత్‌పూర్‌లో గుడీ గోపురం ఏమీ లేవు, అది ఇండస్ట్రియల్ ఏరియా. నాన్న విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక లగేజీ షాపులో చేరి రిటైరయ్యేదాకా సూట్‌కేసులే అమ్మారు. ఆయన చేతుల మీదుగా అమ్ముడైన పెట్టెల్లో ఎక్కువ భాగం వీఐపీ కంపెనీవి, అవి తయారైంది నాసిక్‌లో. ఒక మనిషి తన సర్వీసంతా ఒకే ఊరి సరుకు అమ్మి ఆ ఊరు చూడకపోవడమేంటని నాకూ అనిపించింది.

ముందు లాడ్జి సంగతి. పంచవటి దగ్గర, గోదావరి స్నానాలు చేసే రామ్‌కుండ్‌కు నడిచిపోయే దూరమని యాప్‌లో చూసి బుక్ చేశాం. నలుగురు పట్టే ఫ్యామిలీ రూమ్, లిఫ్ట్ ఉందని రాసి ఉంది, రేటు 1,800. వెళ్లాక కౌంటర్‌లో కుర్రాడు ఫోను చూసి, ఈ రేటు ఇద్దరికే, మిగతా ఇద్దరికీ పరుపుకు 400 చొప్పున కట్టాలన్నాడు. బుకింగ్‌లో నలుగురని స్పష్టంగా ఉందని మా ఆయన చూపిస్తే, "అది యాప్ వాళ్ల తప్పు, మాకు సంబంధం లేదు" అన్నాడు. లిఫ్ట్ అయితే ఉంది, తలుపుకి తాడు కట్టేసి ఉంది. గది మూడో అంతస్తు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, అప్పుడు ఇంకెక్కడికి పోతాం? 2,600 కట్టి మెట్లెక్కాం. సామాను పైకి తెచ్చినందుకు ఒక్కో పెట్టెకు 50. వేడినీళ్లు పొద్దున్న ఆరు నుంచి ఏడు వరకేనట, ఆ మాట మాకు ఏడున్నరకు చెప్పారు.

ఇదంతా ఓర్చుకోవచ్చు. అసలు కోపం తెప్పించింది మర్నాడు. చెకౌట్ పన్నెండుకని బుకింగ్‌లో ఉంటే తొమ్మిదికే తలుపు కొట్టి, దాటితే సగం రోజు అద్దె అన్నారు. సరే, సామాను కింద పెట్టుకుంటాం, ఊరు చూసి వస్తాం అంటే పెట్టెకు గంటకు 30! మేం బేరమాడుతుండగానే ఆ కుర్రాడు మా కొత్త ట్రాలీని మెట్ల మీద ధడేల్ ధడేల్‌మని లాక్కుంటూ దించాడు. కిందికొచ్చేసరికి ఒక చక్రం ఊడి పక్కకు వేలాడుతోంది. ఆ పెట్టె మొన్న దసరా సేల్‌లో 5,499 పెట్టి కొన్నది. అదే కుర్రాడు అదే మెట్ల మీద నాన్న పాత వీఐపీనీ దించాడు, 1980ల్లో కొన్న గట్టి పెట్టె, చక్రాలూ లేవు, ట్రాలీ హ్యాండిలూ లేదు. దానికి గీత పడింది, అంతే.

మా ఆయన యాప్‌కు ఫోను చేసి అరుస్తున్నారు, అమ్మ రామ్‌కుండ్ స్నానానికి ఆలస్యమవుతోందని మొహం ముడుచుకుంది, నాన్న ఒక్కరే వంగి ఆ చక్రం వంక చూస్తున్నారు. "ఇది రివెట్ కొట్టిన చక్రం. రివెట్ పోతే కంపెనీవాడు పెట్టె మార్చుకోమంటాడు. మన రోజుల్లో స్క్రూ ఉండేది" అన్నారు. ఆయన అన్నట్టే అయింది. కొన్న కంపెనీ కస్టమర్ కేర్‌కు చేస్తే, ప్రయాణంలో జరిగిన డ్యామేజీ వారంటీలోకి రాదు, సర్వీస్ సెంటర్‌కు పంపితే మూడు వారాలు, 1,400 దాకా అవుతుంది, అదీ స్పేర్ ఉంటేనే అని చెప్పారు.

ఆటోవాణ్ణి అడిగితే రవివార్ కరంజా దాటాక ఒక సందులో దింపాడు, 90 తీసుకున్నాడు. బ్యాగులు, జిప్పులు, చక్రాలు వేలాడదీసిన చిన్న షాపు. అరవై దాటిన మనిషి. నాన్న పాత పెట్టె చూడగానే ఆయన మొదట దాన్నే తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు, తాళాల మీద వేలు పోనిచ్చి "ఇది మాదే" అన్నాడు. సాత్‌పూర్ ఫ్యాక్టరీలో మౌల్డింగ్ సెక్షన్‌లో పనిచేశాడట! నాన్న మొహం అప్పుడు చూడాలి. ఆ తర్వాత గంటన్నర నేనూ మా ఆయనా లేనట్టే, ఇద్దరూ వచ్చీరాని హిందీలో మొదలుపెట్టారు.

చక్రం ఎలా వేశాడో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు లోపలి లైనింగ్ జిప్పు తీశాడు, చాలా పెట్టెల్లో అడుగున ఈ జిప్పు ఉంటుంది, మనం చూడం. విరిగిన రివెట్ల తలలు డ్రిల్లుతో చెక్కేసి, చక్రం కూర్చునే ప్లాస్టిక్ గూడు మొత్తం బయటికి లాగేశాడు. అదే సైజు జంట చక్రం వెతికి పెట్టి, లోపలి వైపు వెడల్పాటి వాషర్లు వేసి నట్టు బోల్టుతో బిగించాడు. ఒకటి మారిస్తే నడక వంకరవుతుందని పక్కదీ మార్చాడు. రెండు చక్రాలకు కలిపి 440. నాన్న పెట్టెకు ఒక తాళం స్ప్రింగు వదులైతే అదీ మార్చి 60 తీసుకున్నాడు. మొత్తం ఐదొందలు, నలభై నిమిషాల పని.

పని చేస్తూనే ఆయన మౌల్డింగ్ సంగతి చెప్పాడు. పాలీప్రొపిలిన్ గింజలు కరిగించి అచ్చులోకి ఒత్తిడితో పంపిస్తే పెట్టె డొప్ప ఒకేసారి వస్తుంది, వేడిగా ఉండగానే అంచుల్లో మిగిలిన ముక్క కోసెయ్యాలి, ఆలస్యమైతే గీరినట్టు కనబడుతుంది. ఆ తర్వాత ఫ్రేము, కీలు, తాళం, లైనింగు. తయారైన పెట్టెలో బరువు పెట్టి పైనుంచి పడేసి చూస్తారు. ఇనప ట్రంకూ, పరుపు చుట్టుకుపోయే హోల్డాలూ మోసిన జనానికి ఆ డొప్ప ఎంత పెద్ద మార్పో నాన్న చెప్తే గానీ నాకు తెలీలేదు. తుప్పు పట్టదు, వానకు తడవదు, ట్రంకులో సగం బరువుండదు.

వీఐపీ కంపెనీ 1968లో అరిస్టో ప్లాస్ట్ పేరుతో మొదలైంది, 1971లో తొలి వీఐపీ సూట్‌కేసు నాసిక్‌లో తయారైంది. కంపెనీ నడిపిన దిలీప్ పిరమాల్ దాన్ని ఇంటింటికీ తెలిసిన పేరుగా చేశారు. కొనగలిగినవాళ్లకు వీఐపీ, చవగ్గా కావాలంటే ఆల్ఫా, తర్వాత అరిస్టోక్రాట్, స్కైబ్యాగ్స్, 2004లో బ్రిటన్ బ్రాండ్ కార్ల్‌టన్‌ను కూడా కొనేశారు. మాఘమాసం వస్తే బీసెంట్ రోడ్డు షాపులో నిలబడటానికి చోటుండేది కాదని నాన్న ఎప్పుడూ చెప్తారు. మన పెళ్లిళ్లలో సారె పెట్టాలన్నా, కొత్త అల్లుడికి ఇవ్వాలన్నా వీఐపీ ఉండాల్సిందే. అమ్మకు పెట్టింది కూడా అదే, మెరూన్ రంగు, ఇప్పటికీ అటక మీద పాత ఆల్బములతో ఉంది.

నాన్న షాపుకు అసలు పోటీ 1990ల్లో వచ్చింది, సామ్‌సొనైట్. చిత్రం ఏంటంటే వాళ్లూ ఫ్యాక్టరీ పెట్టింది నాసిక్ జిల్లాలోనే, ముంబై రోడ్డు మీద గోందె దగ్గర. ఆ కంపెనీ కథ ఇంకా పాతది. 1910లో అమెరికాలో డెన్వర్‌లో జెస్సీ ష్వేడర్ ట్రంకుల కంపెనీగా మొదలుపెట్టాడు. పెట్టె మీద చెక్క పలక వేసి, తండ్రీ అన్నదమ్ములందరూ దాని మీద నిలబడి దిగిన ఫోటోనే వాళ్ల ప్రకటన. బైబిల్లో బలశాలి శామ్సన్ పేరు మీదుగా 1941లో సామ్‌సొనైట్ పేరు పెట్టారు, 1993లో అమెరికన్ టూరిస్టర్ కూడా అదే గూటికి చేరింది. ఆ ఫోటో నాన్న షాపు గోడ మీద ఉండేదట, వీఐపీ అమ్మే షాపులో పోటీవాడి బొమ్మ ఎందుకని అడిగితే "మంచి పెట్టె ఎవడు చేసినా మంచి పెట్టేనమ్మా" అన్నారు.

మరి చక్రాలు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చాయి అని మా ఆయన అడిగారు, అప్పటికి ఆయన కోపం కాస్త తగ్గింది. అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయనకు చక్రాల సూట్‌కేసు పేటెంట్ వచ్చింది 1972లో, అదీ పట్టీ కట్టి లాగేది. ఇప్పుడు మనం వాడే, నిలబెట్టి పొడవాటి హ్యాండిల్‌తో లాగే పెట్టె 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ చేసింది. మన దగ్గర స్టేషన్‌లో కూలీ ఉన్నన్నాళ్లూ పెట్టెకు చక్రం అడిగినవాడు లేడని రిపేరాయన అన్నాడు, నాన్న తలూపారు.

సాత్‌పూర్ కూడా వెళ్లాం, ఆటోకు రానుపోను 350. లోపలికి రానివ్వరు, మ్యూజియం ఏమీ లేదు, సందర్శకులకు ఏర్పాటు లేదు, ఫ్యాక్టరీలే వరుసగా. పిల్లల్ని తీసుకుని ప్రత్యేకంగా వెళ్లొద్దు, విసుగొస్తుంది. నాన్న మాత్రం గేటు దగ్గర కాసేపు నిలబడి ఫోటో దిగారు. 2025 జూలైలో పిరమాల్ కుటుంబం వీఐపీలో 32 శాతం దాకా వాటా మల్టిపుల్స్ అనే పెట్టుబడి సంస్థ బృందానికి అమ్మడానికి ఒప్పందం చేసుకుందని పేపర్లో చదివినప్పటి నుంచి ఆయనకు మనసులో ఉంది. "యజమాని మారినా పర్లేదు, స్పేర్లు దొరకాలి" అన్నారు. నా మాట కూడా అదే. యాభై ఏళ్ల చరిత్ర ఉన్న పెట్టె గొప్పదయ్యేది నలభయ్యో ఏడు కూడా దాని తాళం బాగుచేయించుకోగలిగితేనే. రివెట్ కొట్టి స్పేర్ అమ్మని కొత్త పెట్టెలకు ఐదువేలు పెట్టడం నాకు ఇక ఇష్టం లేదు.

మిగతావి క్లుప్తంగా. మిసళ్ తప్పకుండా తినండి, ప్లేటు 110, మొలకల కూర మీద ఫర్సాణ్ (మన మిక్చర్ లాంటిది) వేసి, ఎర్రటి రస్సా, అంటే పులుసు, వేరే గిన్నెలో ఇస్తారు, అప్పడం, పెరుగు కూడా. కారం మనవాళ్లకు సరిపోతుంది, అమ్మ రెండోసారి రస్సా అడిగింది. త్ర్యంబకానికి ముప్పై కిలోమీటర్ల లోపే, బస్సులో వెళ్లాం, సోమవారం మాత్రం వెళ్లొద్దు. పంచవటిలో యాప్ చూసి గది తీసుకోకండి, ముందే ఫోను చేసి ఎంతమందో, లిఫ్ట్ నడుస్తోందో లేదో అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. కొత్త ట్రాలీ కొనేముందు షాపులోనే లైనింగ్ జిప్పు తీసి చక్రం స్క్రూనా రివెట్టా చూడండి. రివెట్టయితే స్పేర్ దొరుకుతుందని రాసిమ్మనండి, ఇవ్వనంటే ఆ షాపు వదిలేయండి.

లాడ్జి మీద యాప్‌లో పెట్టిన కంప్లయింట్‌కు పరుపుల డబ్బు 800 వెనక్కి ఇచ్చారు. పెట్టె చక్రానికి బాధ్యత లేదన్నారు. దాని మీద కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో మా ఆయన మళ్లీ ఫిర్యాదు పెట్టారు, రిపేరాయన ఇచ్చిన 440 బిల్లు జత చేశాం.