ఆర్వోతో ఐదేళ్ళ కాపురం

తాగే నీళ్ళు శుద్ధి చేసే మా ఆర్వో మిషన్‌కి ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను, దాని సర్వీసుకి ఒకటి. ఆ ఒకటి కూడా ఎందుకంటే, ఫోన్ చేసిన వారానికైనా ఎవరో ఒకరు వస్తారు కాబట్టి. మా వంటింటి గోడకి ఆర్వో బిగించి ఐదో ఏడు నడుస్తోంది. కంపెనీ పేరు రాయడం లేదు. మూత విప్పితే లోపల పంపు, అడాప్టర్, సన్న పైపులు, మెంబ్రేన్ (లవణాల్ని ఆపే సన్నటి పొర) గొట్టం అన్నీ పక్కింట్లో ఉన్న వేరే కంపెనీ మిషన్‌లో ఎలా ఉన్నాయో ఇందులోనూ అలాగే ఉన్నాయి. పైన ప్లాస్టిక్ రంగు వేరు, ప్రకటనలో నవ్వే హీరోయిన్ వేరు. అందుకని పేరు వదిలేసి, ఇన్నాళ్ళలో ఏం పాడైంది, ఎక్కడ డబ్బు దండగ, ఏది మనమే బాగుచేసుకోవచ్చు అన్నవి రాస్తాను.

ముందు నీళ్ళ సంగతి. మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. సంపులోకి బోరు నీళ్ళు వస్తాయి, మంజీరా నీళ్ళు వస్తాయి (గోదావరివైనా కృష్ణవైనా మా వాచ్‌మన్‌కి అన్నీ మంజీరాయే), ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకర్ నీళ్ళు కూడా తోడవుతాయి. అన్నీ కలిసి పై ట్యాంకుకెక్కి కుళాయిలో దిగుతాయి. నిన్నటి నీళ్ళు ఇవాళ ఉండవు. రెండు మూడు వందలు పెట్టి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) చూపే మీటర్ కొన్నాక ఈ తేడా అంకెల్లో కనిపించింది. మంజీరా వదిలిన రోజు మీటర్ 300 దగ్గర ఆగుతుంది. బోరు మీదే నడిచే రోజుల్లో 1100 దాటుతుంది. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల వరకు మంచిదే, వేరే దిక్కు లేని చోట 2000 వరకు సర్దుకోవచ్చు. అంటే మా ఇంట్లో ఆర్వో కావాల్సిన రోజులూ ఉన్నాయి, అక్కర్లేని రోజులూ ఉన్నాయి.

మా చెల్లెలు రాజమండ్రిలో ఉంటుంది. వాళ్ళ కుళాయిలో వచ్చే గోదావరి నీళ్ళలో మీటర్ పెడితే రెండొందలు కూడా చూపించలేదు. అయినా షోరూమ్ వాడు ఆర్వోనే అంటగట్టాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. మట్టి, క్రిములు తీయడానికి అక్కడ యూవీ (క్రిముల్ని చంపే అతినీలలోహిత కాంతి), యూఎఫ్ (సన్న రంధ్రాల జల్లెడ) ఉన్న మామూలు ఫిల్టర్ చాలు. 500 కంటే తక్కువ టీడీఎస్ ఉన్న చోట ఆర్వోలు వాడకుండా నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖని ఆదేశించింది కూడా. షోరూముల్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

మా అత్తగారి ఊరు నల్గొండ జిల్లా. అక్కడ కథే వేరు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్ళు వాళ్ళు. నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెడితే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. ఆర్వో ఫ్లోరైడ్‌ని బాగానే తీస్తుంది. టీడీఎస్ మీటర్ మాత్రం ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు, క్రిములున్నాయో లేదో కూడా చెప్పదు. నీళ్ళలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, కరిగిన లవణాలు ఇంత అని లెక్క కడుతుంది. మిగతావి తెలియాలంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవాల్సిందే.

మిషన్ వచ్చాక మాకు తేడా తెలిసింది గ్లాసులో కన్నా కుక్కర్‌లో. బోరు నీళ్ళు పోసిన రోజు కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉండేది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో పప్పు ఓ పట్టాన మెత్తబడదు. ఇప్పుడు గరిటె తగిలితే మెదుగుతోంది. టీ మీద తేలే పొర పోయింది. మా అత్తయ్య మొదట్లో "ఈ నీళ్ళకి రుచీ పచీ లేదమ్మా" అని రాగి చెంబులో విడిగా పట్టుకునేవారు. ఇప్పుడు ఊరెళ్ళొస్తే అక్కడి నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటారు.

ఇక సర్వీసు. వారంటీ కార్డు మీద ఏడాది అని పెద్దక్షరాల్లో ఉంటుంది. సెడిమెంట్ (మట్టి పట్టేది), కార్బన్ (వాసన తీసేది) ఫిల్టర్లు, మెంబ్రేన్ వారంటీలోకి రావని కింద చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. పాడయ్యేవే అవి. ఏడాది నిండకముందే ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) కట్టమని ఫోన్లు మొదలవుతాయి. వచ్చిన ప్రతి కుర్రాడూ ముందు అడిగేది "సార్ లేరా మేడమ్?" అని. ఆ తర్వాత, మూత కూడా తీయకుండానే, "మెంబ్రేన్ పోయింది మేడమ్" అంటాడు.

ఒకసారి ఆ మాట అన్న కుర్రాడి ముందే మీటర్ పెట్టాను. కుళాయి నీళ్ళు 820, మిషన్ నీళ్ళు 58. అంటే నూటికి 93 వంతులు తీసేస్తోంది. ఇళ్ళలో వాడే మెంబ్రేన్ కొత్తగా ఉన్నప్పుడు తీసేదే 90 నుంచి 95.

"మరి పోయిందని ఎలా చెప్పావు బాబూ?"

"ఏడాదికోసారి మార్చాలి మేడమ్. కంపెనీ రూల్."

సెడిమెంట్ ఫిల్టర్ ఒక్కటి మార్పించుకుని పంపేశాను. అదే మెంబ్రేన్ ఆ తర్వాత రెండేళ్ళ పైనే పనిచేసింది.

నిజంగా పోయినప్పుడు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. మీటర్ అరవైల నుంచి 100కి, 140కి పాకి చివరికి 190 చూపించింది. కుళాయిలో మాత్రం ఎప్పటి నీళ్ళే. టీడీఎస్ బాగానే ఉండి ధార మాత్రమే సన్నబడితే వెంటనే మెంబ్రేన్ని అనుమానించనక్కర్లేదు. ముందున్న ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, పంపు నీరసించి ఉండొచ్చు. ఈ రెండిటికీ తేడా తెలియని ఇళ్ళలోనే మెంబ్రేన్లు ఎక్కువ అమ్ముడుపోతాయి. కంపెనీ చెప్పిన రేటు విని నేను రాణిగంజ్ వెళ్ళాను. పంపులూ మోటార్లూ అమ్మే ఆ వీధుల్లో ఆర్వో స్పేర్లు కూడా దొరుకుతాయి. సీలు వేసిన ప్యాకెట్‌లో 80 జీపీడీ (రోజుకి 80 గ్యాలన్లు) మెంబ్రేన్ కంపెనీ అడిగినదాంట్లో సగం కన్నా తక్కువకే వచ్చింది. బిగించడానికి మా వీధి చివర ఫిల్టర్లు బాగుచేసే అబ్బాయి కూలి తీసుకున్నాడు, సీలు నా ముందే చింపాడు. కొత్తది వేశాక మొదటి ట్యాంకు నీళ్ళు పారబోయమని చెప్పింది కూడా అతనే. కంపెనీ మనుషులు ఎప్పుడూ చెప్పలేదు.

మజా అంతా మా సెల్లార్‌లో జరిగింది. వినాయక చవితికి ముందు వేరే కంపెనీ వాళ్ళు టేబుల్ వేసి, ఉచిత నీటి పరీక్ష అని బ్యానర్ కట్టారు. రెండు గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో వాళ్ళ మిషన్ నీళ్ళు. కడ్డీలు వేలాడుతున్న ఒక పరికరాన్ని రెంటిలోనూ ముంచి స్విచ్ వేశాడు. చూస్తుండగానే కుళాయి నీళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత గోధుమ రంగు, పైన నురగ, అడుగున మడ్డి. రెండో గ్లాసు తేటగా అలాగే ఉంది. "చూశారా ఆంటీ, మీ పిల్లలు తాగేది ఇదీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మో అన్నారు.

పైకెళ్ళి చిటికెడు ఉప్పు తెచ్చి ఆ తేట నీళ్ళలో వేసి కలిపాను. "ఇప్పుడు వెయ్ బాబూ స్విచ్" అన్నాను. అతను కాసేపు బ్యానర్ సర్దుతూ నిలబడ్డాడు. నాలుగో అంతస్తు అంకుల్ వేశారు. ఆ నీళ్ళూ అదే రంగు తిరిగాయి. ఆ కడ్డీల్లో ఇనుముంటుంది. లవణాలున్న నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఆ ఇనుమే కరిగి తుప్పై తేలుతుంది. లవణాలు తీసేసిన నీళ్ళలో కరెంటు పెద్దగా పారదు కాబట్టి ఏమీ కనిపించదు. జనాన్ని బెదరగొట్టిన ఆ మడ్డి అంతా వాళ్ళ కడ్డీలోంచి వచ్చిందే. "మీరు సైన్స్ టీచరా మేడమ్?" అన్నాడు నవ్వేసి. ఆంటీ నుంచి మేడమ్‌కి ప్రమోషన్. సాయంత్రానికి ఆ టేబుల్ పక్క బ్లాకుకి మారింది. అక్కడ ఇద్దరు కొన్నారట.

డబ్బు బాగా మిగిల్చింది మాత్రం క్యాండిల్ మార్చడం. మిషన్‌కి ముందు బయట బిగించే పది అంగుళాల ప్లాస్టిక్ బౌల్ ఉంటుంది, అందులో మట్టి పట్టే ఫిల్టరే ఈ క్యాండిల్. బోరు నీళ్ళున్న ఇంట్లో ఇది లేకుండా ఆర్వో పెట్టించుకోవద్దు, కొనేటప్పుడు ఉచితంగా ఇమ్మని పోట్లాడండి. మార్చడం పావుగంట పని. వాల్వ్ కట్టేయాలి, మిషన్ స్విచ్ ఆపాలి, కింద బకెట్ పెట్టాలి, బౌల్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ స్పానర్‌తో తిప్పాలి. మల్లెపువ్వులా తెల్లగా లోపలికి వెళ్ళిన క్యాండిల్ మూడు నెలలకి ఇటుక రంగులో బయటికొస్తుంది, గోటితో గీరితే బంకమట్టి జిగురు జిగురుగా వేలికి అంటుకుంటుంది. ట్యాంకర్ నీళ్ళ కాలంలో నెలన్నరకే ఆ గతి. బౌల్ అంచున నల్ల రబ్బరు రింగు ఉంటుంది. అది మెలిక పడకుండా గాడిలో కూర్చోవాలి, లేకపోతే ఎంత బిగించినా బొట్టు బొట్టు కారుతూనే ఉంటుంది. క్యాండిల్ నూరు రూపాయలు. ఇదే పని కంపెనీ మనిషి చేస్తే విజిటింగ్ ఛార్జీతో కలిపి ఆరేడు వందలు. "ఇవన్నీ నీకెందుకే" అన్న మా ఆయనే ఇప్పుడు పక్కింటి వాళ్ళకి నన్ను సిఫారసు చేస్తున్నారు.

ఇంకో చిన్న గెలుపు ఉంది. రాత్రి మిషన్ ఆగి ఉన్నా సింకులో సన్నగా నీళ్ళ చప్పుడు వినబడేది. స్విచ్ తీసేసినా వేస్టు పైపు కారుతూనే ఉంది. లోపల సోలినాయిడ్ వాల్వ్ ఒకటి ఉంటుంది, టెక్నీషియన్లు ఎస్‌వీ అంటారు. మిషన్ ఆగినప్పుడు నీళ్ళని ఆపాల్సింది అదే. అది సరిగ్గా మూసుకోక, పై ట్యాంకు ఒత్తిడికి తెల్లవార్లూ నీళ్ళు పోతున్నాయి. స్పేరు ఖరీదు రెండొందల చిల్లర. మీ ఇంట్లో కూడా ఓసారి స్విచ్ ఆపి ఆ పైపు కింద గ్లాసు పెట్టి చూడండి.

ఇది పాడైతే జరిగే వృథా. బాగున్నప్పుడు జరిగే వృథా గురించి మిషన్ అమ్మేవాళ్ళు అడిగితే తప్ప చెప్పరు. మా ఇంట్లో బకెట్ పెట్టి కొలిస్తే ఒక లీటరు తాగే నీళ్ళకి మూడు లీటర్లు బయటికి పోతున్నాయి. లోపలికి 820 వెళ్తే ఆ వేస్టు నీళ్ళలో మీటర్ వెయ్యి దాటుతుంది. అవి రోజూ పోస్తే తులసి ఆకుల అంచులు మాడాయి. ఇప్పుడవి బాత్రూమ్ కడగడానికి, ఇల్లు తుడవడానికి పోతున్నాయి. నల్ల గ్రానైట్ మీద ఆరాక తెల్లటి మరకలు పడతాయి, అదొక నస. వేస్టు తగ్గిస్తానని ఎవరైనా ఆ పైపు ధారని బిగించబోతే వద్దనండి. మిగిలిన లవణాలు మెంబ్రేన్ మీదే పేరుకుని అది తొందరగా పోతుంది. నీళ్ళు తియ్యగా ఉండాలని టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ తిప్పుతామంటారు, దానికీ ఒప్పుకోను. అది చేసేది మెంబ్రేన్ దాటని నీళ్ళని మళ్ళీ కలపడమే. ఖనిజాల సంగతి పప్పు, కూర, పెరుగు చూసుకుంటాయి.

చిల్లర చికాకులు చాలానే ఉన్నాయి. రాత్రంతా వంటింట్లో నీలం లైటు. ట్యాంకు నిండితే పొద్దున్నే బీప్. ప్లాస్టిక్ కుళాయి రెండుసార్లు కారింది. కరెంటు హెచ్చుతగ్గులకి 24 వోల్టుల అడాప్టర్ ఒకసారి మాడింది, బయట కొన్నది ఇప్పటికీ నడుస్తోంది.

ఏఎంసీ ఒక్క ఏడాదే కట్టాను. డబ్బు ముందే తీసుకున్నారు, రావాల్సిన సర్వీసులకి మాత్రం రాలేదు. వాళ్ళ కస్టమర్ కేర్‌తో విసిగి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, రసీదు, కంప్లైంట్ నంబర్లు ఇచ్చాను. ఆ వారంలోనే టెక్నీషియన్ వచ్చాడు, ఈసారి సార్ ఎక్కడని అడగలేదు. ఏఎంసీ కట్టేవాళ్ళు మెంబ్రేన్ అందులో ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మామూలు ఏఎంసీలో ఉండదు, ఉన్నదాని ధర కొత్త మెంబ్రేన్ ధరతో సమానం.

ఇవాళ కొంటే నేను చూసేది ఒకటే: ఫిల్టర్లు బయట షాపుల్లో దొరికే మామూలు సైజువా, లేక ఆ కంపెనీ మిషన్‌కి మాత్రమే పట్టేవా అని. రెండో రకం కొంటే మిషన్ మనదైనా తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మొన్న మళ్ళీ కంపెనీ నుంచి ఫోన్. పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద రెండు వేలు తగ్గిస్తారట. కొత్తదాంట్లో ఏముందమ్మా అంటే కాపర్, జింక్, ఆల్కలైన్ అని గుక్క తిప్పుకోకుండా చదివింది ఆ అమ్మాయి. లీటరుకి ఎన్ని నీళ్ళు బయటికి పోతాయి అని అడిగాను. "అది టెక్నీషియన్ వచ్చి చెప్తారు మేడమ్" అంది.