కారు చార్జింగుకు ఏ మీటరు? మూడున్నరేళ్ల లెక్క

మాది టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ, మొదట్లో వచ్చిన 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ రకం. 2022 మేలో విజయవాడలో మా ఇంటికి వచ్చింది. కారు గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు, నేను రాసేది గోడ మీది మీటరు గురించి. ఈ మూడున్నరేళ్లలో ఒకే కారును మూడు మీటర్ల మీద చార్జి చేశాను. అంకెలన్నీ పాత బిల్లుల వెనక పెన్సిలుతో రాసిపెట్టుకున్నాను.

మేం నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాం. ప్లగ్గు దగ్గర కొలిస్తే అటూ ఇటూగా 150 యూనిట్లు.

కారు కొన్న కొత్తలో ఇంగ్లండులో ఉండే మా బాబాయిగారబ్బాయి ఫోన్ చేసి, "పదకొండున్నర దాటాక పెట్టు అన్నయ్యా, సగం కూడా అవదు" అన్నాడు. వాళ్లకు అర్ధరాత్రి కరెంటు పగటి ధరలో మూడో వంతుకే దొరికే ప్లాన్లున్నాయి. నేనూ రెండు నెలలు అలారం పెట్టుకుని లేచి, లుంగీతో వెళ్లి ప్లగ్గు పెట్టొచ్చాను. బిల్లులో పైసా తేడా రాలేదు. ఎందుకు వస్తుంది? మా ఇంటి మీటరుకు పగలూ రాత్రీ ఒకటే. వేళను బట్టి ధర మార్చాలని కేంద్రం 2023లో నిబంధన తెచ్చింది గానీ, మా గుమ్మం దాకా అది ఇంకా రాలేదు. ఇక్కడ లెక్కకొచ్చేది గడియారం కాదు, స్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెంచే మెట్టు.

2022 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు ఉన్న స్లాబులివి: మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూ. 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ట్రూ అప్ (వెనకటి ఖర్చుల తేడాను తర్వాతి బిల్లుల్లో రాబట్టడం) వగైరా అదనాలు నేను ఈ లెక్కల్లో కలపలేదు. కారు లేని మామూలు నెలలో మాకు 200 యూనిట్లు, అంటే 867 రూపాయలు. కారుతో కలిపి 350 అయితే 2,111. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి "ఆరు రూపాయలేగా" అనుకుని ఏడాది గడిపేశాను. అది తప్పు లెక్క. ఇల్లు ఎటూ తినే 200 పోగా, కారు కోసం పెరిగింది 1,244. అంటే కారు తాగిన యూనిట్ ఒక్కొక్కటీ 8 రూపాయల 30 పైసలు. ఏసీలు తిరిగే ఎండాకాలంలో ఇల్లే 350 లాగేస్తుంది కాబట్టి, కారు యూనిట్ 9 రూపాయల 40 పైసలకు చేరింది. కారు ఎప్పుడూ పైమెట్టు మీదే కూర్చుంటుందన్నమాట.

2023లో మేడ మీద పోర్షన్ ఖాళీ అయింది. దానికి ముందునుంచీ వేరే మీటరుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కారు ప్లగ్గును ఆ మీటరుకు కలిపించాను. ఆ మీటరు మీద కారు ఒక్కటే, 150 యూనిట్లకు 567 రూపాయలు. యూనిట్ నాలుగు రూపాయల లోపే! ఇంతకంటే చవకగా ఎవరూ చార్జి చేసి ఉండరని పది నెలలు అందరికీ చెప్పుకుని తిరిగాను. అద్దెకున్న వాళ్లు రాగానే ఆ ముచ్చట తీరింది. ఇది విని కొందరు స్లాబు కోసమే ఇంకో ఇంటి మీటరు పెట్టించుకుందామంటారు. విడిగా వంటగది, విడిగా దారి ఉన్న పోర్షన్ లేకుండా అడిగితే కుదరదని మా లైన్‌మన్ ముందే చెప్పేశాడు.

మిగిలింది ఈవీ చార్జింగుకని విడిగా ఇచ్చే మీటరు. యూనిట్ 6 రూపాయల 70 పైసలు, స్లాబుల గొడవ లేదు. సొంత ఇంట్లో చార్జింగుకు విడి కనెక్షన్ అడగొచ్చని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనల్లోనే చేర్చింది. అదే ఏడు తీసుకున్నాను. దరఖాస్తు నింపిపెట్టిన కుర్రాడు కేటగిరీ దగ్గర షాపులకు వేసే టిక్కు పెట్టడంతో మళ్లీ మొదటినుంచీ తిరగాల్సి వచ్చింది. మీరు సంతకం పెట్టేముందు ఆ ఒక్క గడి చూసుకోండి. డిపాజిట్టు, వైరు, బోర్డు, కూలీ కలిపి నాకు పద్నాలుగు వేలయింది.

లాభమా? ఇంటి మీటరుతో పోలిస్తే మామూలు నెలలో 239 రూపాయలు, ఎండాకాలంలో 407. ఏడాదికి మూడున్నర వేలు. పెట్టింది వెనక్కి రావడానికి నాలుగేళ్లు. మా ఆవిడ మొదటి రోజే అంది, "నెలకు ఏడు వేల పెట్రోలు మిగిలాక, ఈ నాలుగొందల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం అవసరమా?" అని. నా దగ్గర జవాబు లేదు, బిల్లుల వెనక లెక్కలు తప్ప.

అందరికీ ఇది పనికిరాదు కూడా. కారుతో కలిపి నెలకు 225 దాటని ఇళ్లలో ఏ యూనిట్ కూడా ఆరు రూపాయలకు మించదు, అక్కడ 6.70 మీటరు శుద్ధ దండగ. తెనాలిలో మా అమ్మానాన్నల వాడకం 60 యూనిట్లే. ఈ కారు అక్కడ ఉంటే దాని చార్జింగుకు నెలకు 780 రూపాయలే, యూనిట్ 5.20 పడేది. పండక్కి వెళ్లినప్పుడు ఫుల్ చేసుకొస్తుంటే నాన్న ఏమీ అనడు, మీటరు వంక చూస్తాడంతే.

ఏ మీటరైనా సరే, వైరింగులో మాత్రం పిసినారితనం వద్దు. ఎనిమిది గంటలు ఏకధాటిగా 15 ఆంపియర్లు లాగే ప్లగ్గు ఇది. పాత గీజరు సాకెట్లో పెట్టి మూడో వారానికే దాన్ని కరిగించాను. తర్వాత మీటరు బోర్డు నుంచి నేరుగా 4 ఎంఎం వైరు, విడి ఎంసీబీ (లోడు మించితే తనే పడిపోయే స్విచ్చు), ఉప్పూ బొగ్గూ వేసిన సొంత ఎర్తింగు గొయ్యి. మేలో ఆ గొయ్యి ఎండిపోతే చార్జరు ఎర్రలైటు వేసి మొరాయిస్తుంది. రెండు బకెట్ల నీళ్లు పోస్తే దారికొస్తుంది. ఈ సంగతి తెలియక ఒకసారి కారును సర్వీసుకు కూడా తీసుకెళ్లాను.

సోలార్ పెట్టే ఆలోచనుంటే మాత్రం ఈవీ మీటరు జోలికి పోకండి. 3 కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ ఉంది, మంచి ఎండలో రోజుకు పన్నెండు యూనిట్లదాకా వస్తాయి. అవి ఇంటి మీటరులో ముందుగా ఖరీదైన పైస్లాబునే కోసేస్తాయి కాబట్టి కారు కూడా అక్కడే ఉండాలి. నేనూ కొటేషన్ తీసుకున్నాను. ఈలోగా పక్కన ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది, మధ్యాహ్నం రెండు దాటితే మా డాబా మీదంతా నీడే. అందుకని మా ఇంట్లో ఇంకా ఆరు డెబ్బై మీటరే తిరుగుతోంది.