మొదటి వార్తకి మోగిన ఫోన్ దిద్దుబాటుకి మోగలేదు: ఒక న్యూస్ యాప్ రివ్యూ

డబ్బు కట్టి చదివే ఒక వార్తల యాప్ మీద రివ్యూ ఇది. ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నాను, ఆ రెండూ వాళ్ల హెల్త్ డెస్క్‌లో రాసేవాళ్లకే. యాప్ పేరు మాత్రం రాయను. పేరు చెబితే నేను మాట్లాడబోయే చావు ఎవరిదో ఎవరైనా ఇట్టే వెతికేస్తారు, ఆ ఇంటి గుమ్మం ముందు ఇప్పటికే కావలసినన్ని కెమెరాలు నిలబడ్డాయి.

ముందు మామూలు విషయాలు. యాప్ వేగంగా తెరుచుకుంటుంది, ప్రకటనలు లేవు, అక్షరాల సైజు పెంచుకోవచ్చు, వార్తని చదివి వినిపించే సదుపాయం ప్రయాణంలో బాగా పనికొస్తుంది. పాత వార్తలు వెతకడం కూడా తేలికే. ఆటలు, వాతావరణం, ఎన్నికలు చాలు అనుకునేవాళ్లకి కట్టిన డబ్బు వృథా కాదు. నేను టాక్సికాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, రక్తంలో మూత్రంలో ఏ మందు ఉందో ఏ విషం ఉందో చూసి చెప్పే పని, అందుకని ఓవర్‌డోస్ వార్త వచ్చినప్పుడు నేను చూసేవి వేరేగా ఉంటాయి. ఒక వార్తాసంస్థని ఎంతవరకు నమ్మొచ్చో తెలియాలంటే ఇలాంటి వార్తని మొదటి గంట నుంచి చివరి ల్యాబ్ రిపోర్టు దాకా ఎలా నడిపిందో చూస్తే చాలని నా అభిప్రాయం.

జరిగింది ఇది. స్నేహితులంతా కలిసిన చోట ఒక కుర్రాడు చిన్న కాగితం ముక్క నాలుక మీద పెట్టుకున్నాడు. అందరూ అది భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు అనుకున్నారు. కాసేపటికి మనిషి అదుపు తప్పాడు, ఒళ్లు వేడెక్కి కాలిపోయింది, ఫిట్స్ వచ్చాయి, ఆసుపత్రికి తీసుకెళ్లినా తెల్లారేసరికి చనిపోయాడు. నా ఫోన్ మోగింది: ‘ఎల్‌ఎస్‌డీ ఓవర్‌డోస్‌తో విద్యార్థి మృతి’. పోస్ట్‌మార్టం అప్పటికి మొదలే కాలేదు, ఆ సంగతి అదే వార్తలో కింద నాలుగో పేరాలో వాళ్లే రాశారు.

మరి ఎల్‌ఎస్‌డీ అని ఎవరు చెప్పారు? పోలీసు వర్గాలు చెప్పాయి. పోలీసులకి ఆ స్నేహితులు చెప్పారు. స్నేహితులకి ఆ కాగితం అమ్మినవాడు చెప్పాడు. అంటే అంత పెద్ద హెడ్డింగ్‌కి ఉన్న ఒకే ఒక్క ఆధారం డ్రగ్స్ అమ్ముకునేవాడి మాట! ఒక రిపోర్టర్, ఒక సబ్ ఎడిటర్, ఒక డెస్క్ ఇన్‌ఛార్జి, ఇంతమంది చేతుల మీదుగా వెళ్లిన వార్తలో ఈ ప్రశ్న ఒక్కరికీ రాలేదా అని నాకు చాలా బాధ కలిగింది.

ల్యాబ్‌లో ఉన్నవాళ్లకి ఆ లక్షణాలు చదవగానే అనుమానం వస్తుంది. ఎల్‌ఎస్‌డీ మంచిదని నేను అనడం లేదు, దాని ప్రభావంలో ఉండి ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు ఉన్నారు. కానీ ఆ మందు విషప్రభావంతోనే నేరుగా ప్రాణం పోవడం చాలా అరుదు. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎనిమిదిమంది కొకైన్ అనుకుని ఎల్‌ఎస్‌డీ పొడిని ముక్కుతో పీల్చేశారు, కొందరు కోమాలోకి కూడా వెళ్లారు, ఆసుపత్రిలో చూసుకుంటే ఎనిమిదిమందీ బతికారు. అదే 25ఐ-ఎన్‌బోమ్ అనే మందు సంగతి పూర్తిగా వేరు. 2003లో బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో రాల్ఫ్ హైమ్ అనే పరిశోధకుడు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం సంకేతాల్ని అందుకునే ఒక రిసెప్టర్‌ని అర్థం చేసుకోవడానికి తయారుచేసిన పదార్థం అది, ల్యాబ్ పనిముట్టు అన్నమాట, మనుషులు మింగడానికి చేసింది కాదు. 2010 ప్రాంతం నుంచి కాగితం ముక్కల మీద ఎక్కించి ఎల్‌ఎస్‌డీ పేరుతో అమ్మడం మొదలైంది. మిల్లీగ్రాములో భాగమే పనిచేస్తుంది కాబట్టి కొంచెం ఎక్కువ పడినా ఒంటి వేడి విపరీతంగా పెరగడం, ఫిట్స్, కండరాలు కరిగిపోవడం, కిడ్నీలు ఆగిపోవడం దాకా వెళ్తుంది. అమెరికాలో వరసగా చావులు జరిగాక 2013 నవంబరులో అక్కడి మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ అత్యవసరంగా నిషేధం పెట్టింది, 2015లో ఐక్యరాజ్యసమితి నియంత్రిత మందుల జాబితాలోకి ఎక్కింది.

అయితే దీన్ని పట్టుకోవడం అంత తేలిక కాదు. ఆసుపత్రుల్లో చేసే ఎల్‌ఎస్‌డీ స్క్రీనింగ్ పరీక్షకి ఇది దొరకదు. అణువుల బరువుని బట్టి పదార్థాన్ని గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ మీద పెట్టాలి, పోల్చి చూడటానికి ఆ పదార్థం శుద్ధమైన నమూనా మన దగ్గర ఉండాలి, మొన్నమొన్న మార్కెట్లోకి వచ్చిన రకమైతే ఆ నమూనా తెప్పించుకోవడానికే రోజులు పడుతుంది. వారాలు గడిచాక వచ్చే సమాధానాన్ని గంటలోపే హెడ్డింగ్‌లో పెట్టేస్తే అది వార్త కాదు, ఊహ.

ఆ వారాల్లో యాప్ ఖాళీగా కూర్చోలేదు. ఒక కథనానికి పెట్టిన ఫొటో నాకు ఇంకా గుర్తుంది: గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మాత్రలు కుప్పగా పోసి ఉన్నాయి, దాని కిందే వార్తలో ‘కాగితం ముక్క’ అని రాసి ఉంది. ఫొటో పెట్టినవాళ్లు వార్త చదవలేదన్నమాట. ఇంకో కథనంలో వాడి మార్కులు, వాడి పుట్టినరోజు ఫొటో, గదిలో గోడకి అంటించిన పోస్టర్లు, ‘చెడు సావాసాలే కారణమా?’ అని ఒక ప్రశ్న. ఆ తల్లి ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఉన్న వీడియో దానంతటదే ప్లే అయ్యేలా పెట్టారు, శబ్దంతో సహా. ఆ వీడియో వల్ల ఏ పాఠకుడికి ఏం తెలిసిందో నాకైతే అర్థం కాలేదు.

తర్వాత ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఎల్‌ఎస్‌డీ లేదు, ఎన్‌బోమ్ జాతి మందు ఉంది. యాప్ ఏం చేసిందంటే పాత వార్తలోనే హెడ్డింగ్ మార్చి, ఒక పేరా తీసేసి ఇంకో పేరా పెట్టి ఊరుకుంది. పైన తేదీ, టైము పాతవే. ‘సవరించాం’ అన్న ముక్క ఎక్కడా లేదు. ఫోన్ మోగలేదు. మొదటి రోజు ఆ లింకుని నేను సేవ్ చేసి పెట్టుకున్నాను కాబట్టి తెలిసింది గానీ, మామూలుగా చదివి మర్చిపోయేవాళ్లకి ఆ కుర్రాడు ఇప్పటికీ ఎల్‌ఎస్‌డీతోనే చనిపోయాడు.

నేను పట్టుబట్టేది ఇక్కడే. ఇది పరువు విషయమో, పదాల పట్టింపో కాదు. అదే షీటులోంచి కత్తిరించిన మిగతా ముక్కలు ఎవరెవరి పర్సుల్లో ఉన్నాయో మనకి తెలియదు. వాళ్లు మొదటి అలర్ట్ చదివి ఉంటే ‘వాడు ఎక్కువ తీసుకుని ఉంటాడు, మనం ఒకటే తీసుకుందాం’ అనుకుంటారు. మీరు కొన్నది అసలు ఎల్‌ఎస్‌డీయే కాదు, ఒక్క ముక్క కూడా చంపొచ్చు అన్న సమాచారం ప్రాణం కాపాడే సమాచారం. సరిగ్గా దానికే నోటిఫికేషన్ పంపలేదు. ఎవరో నటి విమానాశ్రయంలో కనిపించిందని అదే వారంలో పంపారు.

ఇదేమీ ఈ ఒక్క యాప్‌కి పుట్టిన జబ్బు కాదు. 2010 మార్చిలో ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్‌లో ఇద్దరు కుర్రాళ్లు చనిపోతే అప్పట్లో కొత్తగా వచ్చిన మెఫెడ్రోన్ అనే ఉత్తేజపరిచే మత్తుమందు వల్లేనని పత్రికలు తాటికాయంత అక్షరాలతో రాశాయి. ఏప్రిల్ 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చేసింది. మత్తుమందుల మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే మండలి సభ్యుడు ఎరిక్ కార్లిన్, మీడియా ఒత్తిడి, రాజకీయ ఒత్తిడి మీద నిర్ణయాలు జరుగుతున్నాయని రాజీనామా కూడా చేశాడు. మే నెలాఖరులో టాక్సికాలజీ ఫలితాలు వస్తే ఆ ఇద్దరి ఒంట్లో మెఫెడ్రోన్ అసలు లేదు, ఉన్నది హెరాయిన్ జాతికి చెందిన మెథడోన్. మెఫెడ్రోన్ ప్రమాదకరమైనదే, దాన్ని నిషేధించడం తప్పని నేను వాదించను. కానీ ఆ రెండు నెలలూ జనం భయపడింది ఒకదానికి, ఆ పిల్లల్ని చంపింది ఇంకోటి.

2012 మేలో మయామీలో ఒక మనిషి ఇంకో మనిషి ముఖం కొరికిన ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘బాత్ సాల్ట్స్’ అనే పేరుతో అమ్మే ఉత్తేజపరిచే మత్తుమందులే కారణం అన్నారు, ప్రపంచమంతా ఆ మాటే మోగింది. జూన్ చివర్లో వచ్చిన రిపోర్టులో గంజాయి తప్ప ఇంకేమీ దొరకలేదు. ఆ రిపోర్టు సంగతి మీలో ఎంతమంది విన్నారు?

వీటన్నిటికన్నా మా ల్యాబ్‌లో వాళ్లం ఎక్కువగా చెప్పుకునేది 2011 మేలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం కొనావా ఊళ్లో జరిగింది. కొందరు ఒక మందుని భ్రమలు కలిగించే 2సీ-ఇ అనుకుని తీసుకున్నారు, ఇద్దరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. చివరికి అది బ్రోమో-డ్రాగన్‌ఫ్లై అనే ఇంకో మందు అని తేలింది. ఆ మందు నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కాక రెండు మూడు రోజులు కూడా వదలకపోవచ్చు. ఎంతకీ ఎక్కడం లేదని ఇంకొంచెం వేసుకునేవాళ్లకి అదే ప్రాణాంతకం అవుతుంది. అంటే పేరు సరిగ్గా తెలియడం, తెలియకపోవడం మధ్య తేడా కాగితాల మీది తేడా కాదు.

యాప్‌లో ఇంకో పెద్ద లోపం కింద వచ్చే ‘ఇవి కూడా చదవండి’ అనే వరస. చావు వార్తకి ‘ప్రయోగాత్మక సైకెడెలిక్ (భ్రమలు కలిగించే) మందు’ అని ట్యాగ్ పెట్టారు, దాంతో దాని కింద డిప్రెషన్‌కి సైలోసైబిన్ అనే పుట్టగొడుగుల మందు మీద జరుగుతున్న పరిశోధనలు, ఎండీఎంఏ అనే మత్తుమందుని చికిత్సకి అనుమతించమని పెట్టగా 2024 ఆగస్టులో అమెరికా మందుల అనుమతుల సంస్థ ఎఫ్‌డీఏ తిప్పి పంపిన దరఖాస్తు గురించిన వార్తలు వచ్చి కూర్చున్నాయి. చదివినవాళ్లకి ఏమనిపిస్తుంది? ఏదో క్లినికల్ ట్రయల్‌లో కుర్రాడిని చంపేశారని. కింద కామెంట్లలో చాలామంది అలాగే రాశారు కూడా. ట్రయల్‌లో అయితే ముందు గుండె పరీక్ష చేస్తారు, మందు తూచి ఇస్తారు, గంటల తరబడి పక్కనే మనిషి ఉంటాడు, ఏదైనా తేడా వస్తే ఎక్కడ నమోదు చేయాలో నియమాలు ఉంటాయి. ఈ కుర్రాడికి దొరికింది ఏముందో తెలియని ఒక కాగితం. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల ట్రయల్స్‌లో చేరాల్సిన రోగులు భయపడతారు, మరోపక్క డాక్టర్లే ఇస్తున్నారు కదా అని ఇంకో కుర్రాడు ధైర్యం తెచ్చుకుంటాడు. నష్టం రెండువైపులా.

ఇక ఆ రెండు స్టార్లు ఎందుకంటే, రిపోర్టు వచ్చాక హెల్త్ డెస్క్ ఒక పెద్ద కథనం రాసింది, అది నిజంగా బాగుంది. కుర్రాడి పేరు లేదు, ఫొటో లేదు. కొత్త మందులు ఎక్కణ్నుంచి పుట్టుకొస్తాయో రాస్తూ అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీలో పనిచేసిన శాస్త్రవేత్త డేవిడ్ నికోల్స్ సంగతి చెప్పారు. ఆయన పరిశోధన కోసం చేసిన ఎంటీఏ అనే పదార్థాన్ని ఎవరో జర్నల్‌లో చదివి తయారుచేసి అమ్మితే మనుషులు చనిపోయారు, ఆ బాధని ఆయన 2011లో నేచర్ పత్రికలో రాసుకున్నారు. మందు ఎంత మోతాదు, ఎక్కడ దొరుకుతుంది లాంటివి మాత్రం ఒక్క ముక్క రాయలేదు, అది సరైన పద్ధతి. ఏం చేయాలో స్పష్టంగా రాశారు: ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మనిషి విపరీతంగా రెచ్చిపోతున్నా ‘నిద్రపోతే తగ్గుతుంది’ అని వదిలేయకుండా వెంటనే అంబులెన్స్ పిలవండి, ఒంటరిగా వదలకండి, ఏం తీసుకున్నారో డాక్టర్లకి దాచకుండా చెప్పండి, మిగిలిన ముక్క ఉంటే పారేయకుండా ఇవ్వండి. హెరాయిన్‌కి విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ దీనికి పనిచేయదనీ, ఆసుపత్రిలో ఒంటి వేడి దించడం, ఫిట్స్ ఆపే మందులివ్వడమే వైద్యమనీ రాశారు. మిగిలిన కాగితం ముక్కని డాక్టర్లకి ఇవ్వాలన్న సలహా చాలామందికి తెలియదు, మాకు నమూనా ఉంటే పని ఎంత తొందరగా అవుతుందో చెప్పలేను.

ఇంత మంచి కథనం ఎక్కడ పెట్టారంటే హెల్త్ విభాగంలో లోపల, డైట్ చిట్కాల కింద. హోమ్ పేజీలోకి రానేలేదు.

కస్టమర్ సపోర్ట్‌కి రాశాను. వార్త మార్చినప్పుడు మార్చామని పైన రాయమని, మొదటి అలర్ట్ ఎంతమందికి వెళ్లిందో దిద్దుబాటు అలర్ట్ కూడా అంతమందికీ పంపమని అడిగాను. జవాబు మర్యాదగానే వచ్చింది, ‘మీ సూచనని సంబంధిత విభాగానికి పంపాం’ అని. తర్వాత ఏ మార్పూ కనిపించలేదు. సాంకేతికంగా ఇది కష్టమైన పనేం కాదు, ఏ వార్తని ఎవరు తెరిచారో వాళ్ల దగ్గర ఉంటుంది, లేకపోతే నాకు అన్ని ‘మీ కోసం’ సూచనలు ఎలా వస్తాయి?

సబ్‌స్క్రిప్షన్ రెన్యువల్ ఆపేశాను. మీరు తీసుకునే ఆలోచనలో ఉంటే, లేదా ఇప్పటికే తీసుకుని ఉంటే, సెట్టింగ్స్‌లో బ్రేకింగ్ అలర్ట్‌లు ఆపేసి, హెల్త్ విభాగాన్ని ఫాలో అవ్వండి, అక్కడ రాసేవాళ్లకి చదివామని ఒక ఈమెయిల్ పెట్టండి. ఓవర్‌డోస్ వార్త ఏది కనిపించినా, ‘టాక్సికాలజీ రిపోర్టు రావాల్సి ఉంది’ అనే వాక్యం ఉందో లేదో ముందు వెతకండి, ఆ వాక్యం ఉంటే హెడ్డింగ్‌లో ఉన్న మందు పేరుని ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి.