జ్వరానికి ఏ వెర్బ్ మేలు: హ్యావా, సఫరా?

తెలుగులో మనకు ఈ ఇబ్బంది లేదు. జలుబు చేస్తుంది, జ్వరం వస్తుంది, ఆటలమ్మ పోస్తుంది, అంటువ్యాధి సోకుతుంది. ఏ జబ్బుకు ఏ మాటో చిన్నప్పుడే నోటికి అలవాటైపోతుంది. ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే మాత్రం చాలామందికి స్కూల్లో రాసిన లీవ్ లెటరే గుర్తొస్తుంది: 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.'

అది తప్పు వాక్యం కాదు. కాకపోతే సఫర్ అంటే బాధ అనుభవించడం. ఏళ్ల తరబడి వదలని మైగ్రేన్‌కు ఆ బరువు తగుతుంది. రెండు రోజుల జ్వరానికి 'ఐ హ్యావ్ ఎ ఫీవర్' చాలు. షుగర్ ఉన్నా తన పనులన్నీ తాను చేసుకునే మనిషిని పట్టుకుని సఫరింగ్ అనడం నాకు అసలు నచ్చదు. చాలా ఇంగ్లీషు స్టైల్ గైడ్లు కూడా 'హ్యాజ్ డయాబెటిస్' అనే రాయమంటాయి. ఏది వాడాలో తేలనప్పుడు హ్యావ్ వాడండి. జ్వరం, జలుబు, తలనొప్పికి ముందు 'ఎ' పెట్టాలి, ఆస్తమా, డయాబెటిస్‌కు అక్కర్లేదు.

మరి 'ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్'? మన దగ్గర అందరూ అంటారు, అందరికీ అర్థమవుతుంది. బ్రిటన్, అమెరికా వాళ్లకు మాత్రం ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. జ్వరం ఉండటం ఒక స్థితి కాబట్టి అక్కడ హ్యావ్‌కు 'ఇంగ్' చేర్చరు. గుండెపోటు అలా కాదు, అది కళ్లముందు జరుగుతున్నది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే 'హీ ఈజ్ హ్యావింగ్ ఎ హార్ట్ ఎటాక్' అనే చెప్పాలి.

క్యాచ్ అనేది జలుబు, ఫ్లూ లాంటి అంటుకునే వాటికే. షుగర్‌కు, క్యాన్సర్‌కు అది పొరపాటున కూడా వాడకూడదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందన్న అర్థం వస్తుంది. వాటికి గెట్ గానీ డెవలప్ గానీ వాడతారు. జబ్బు సోకడం అనే అర్థంలో కాంట్రాక్ట్ అన్న మాట మలేరియా, టీబీ గురించిన రిపోర్టుల్లో బాగుంటుంది, ఇంట్లో మాటలకు పనికిరాదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది హ్యాడ్ దగ్గర. అమెరికాలో అమ్మను మొదటిసారి క్లినిక్‌కు తీసుకెళ్లినప్పుడు, పదేళ్లుగా ఉందని చెప్పాలనుకుని 'షీ హ్యాడ్ ఆస్తమా' అన్నాను. ఎప్పుడు తగ్గిపోయిందని నర్సు అడిగింది. అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఇన్‌హేలర్ ఉంది. తీసి చూపించాను. 'ఓ, షీ హ్యాజ్ హ్యాడ్ ఆస్తమా ఫర్ టెన్ ఇయర్స్' అంటూ నర్సు టైప్ చేసింది చెరిపేసి, ఇన్‌హేలర్ మీది మందు పేరు అక్షరం అక్షరం చూసి రాసుకుంది.