నాన్నతో ‘ఈ131 (E131)’ రకం రైళ్లలో: నిక్కో బస, ఉమి-షిబౌరా స్టేషన్

అమ్మానాన్నలు విజయవాడ నుంచి జపాన్‌లో మా దగ్గరికి వచ్చి మూడు వారాలవుతోంది. తిరిగిన చోట్ల గురించి రాద్దామని కూర్చుంటే కళ్ల ముందు రెండే మెదులుతున్నాయి. టోక్యోకు ఉత్తరాన కొండల్లో ఉన్న నిక్కోలో ఒక బసలో అమ్మ వట్టి తెల్లన్నం ముందు కూర్చోవడం ఒకటి, యోకోహామా వైపు త్సురుమి రైలు లైన్ చివర నీళ్ల ఒడ్డున నాన్న గంటకు పైగా కదలకుండా కూర్చోవడం రెండోది. మొదటిదానికి ముగ్గురికీ కలిపి 52,800 యెన్‌లు అయ్యాయి. రెండోదానికి త్సురుమి నుంచి తలకి 167 యెన్‌లు, అంటే వంద రూపాయలు.

నాన్న 34 ఏళ్లు విజయవాడ ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పనిచేశారు. ఏ స్టేషన్‌కు తీసుకెళ్లినా ముందు ఒంగి బండి కింద చక్రాలు చూస్తారు, తర్వాతే ఎక్కుతారు. మేం ఉండేది టోక్యోలో నిషికసాయిలో. అసాకుసా, టోక్యో టవర్, క్యోటో అన్నీ అయ్యాయి, బాగానే ఉన్నాయి. షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కించినప్పుడు కూడా "బాగుందమ్మా" అని ఊరుకున్నారు. ఆయన నోట ప్రశ్నలు మొదలైంది మాత్రం ఉత్సునోమియా స్టేషన్‌లో నిక్కో లైన్ బండి చూశాకే.

ముందు టికెట్ సంగతి. నిక్కోకు షింకాన్‌సెన్ అక్కర్లేదు. టోక్యోలోని ఉయెనో స్టేషన్‌లో మామూలు బండి ఎక్కితే దాదాపు గంటా నలభై ఐదు నిమిషాల్లో ఉత్సునోమియా, అక్కడ మారితే ముప్పావు గంటలో నిక్కో. సుయికా కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే రైలు కార్డు) గీసి ఉత్సునోమియాలో బయటకు రాకుండా ప్లాట్‌ఫామ్ మారితే, మేం వెళ్లినప్పటి ధరల్లో మొత్తం 2,640 యెన్‌లు. మధ్యలో ఊరు చూద్దామని గేటు దాటారో, అక్కడిదాకా 1,980, అక్కడి నుంచి 770 విడివిడిగా కట్ అయ్యేవి, 110 యెన్‌లు ఎక్కువ. ముగ్గురం కదా, రానూ పోనూ లెక్కేస్తే తేడా 660 యెన్‌లు. రెండు పూటల కూరగాయలు వస్తాయి.

ప్లాట్‌ఫామ్ మీద బండి ఆగి ఉంది, తలుపులన్నీ మూసే ఉన్నాయి. అమ్మకు టెన్షన్ పట్టుకుంది. "ఏమండీ, వెళ్లిపోతోందేమో చూడండి" అని నాన్న చొక్కా పట్టుకు లాగింది. నాన్న తలుపు పక్కన బొత్తాం చూసి నొక్కారు. తలుపు తెరుచుకుంది. లోపల తెరవడానికి ఒకటి, మూయడానికి ఒకటి, రెండు బొత్తాలున్నాయి. చలి ఊళ్లలో బండి ఎక్కువసేపు ఆగినప్పుడు లోపలి వెచ్చదనం పోకుండా ఈ ఏర్పాటు. ఎక్కినవాళ్లే మళ్లీ మూసేయాలి. నాన్న మా వెనక వచ్చినవాళ్లందరి కోసం నాలుగుసార్లు తెరిచి, నాలుగుసార్లు మూశారు. ఒక ముసలాయన తలవంచి థ్యాంక్స్ చెబితే నాన్న కూడా అలాగే వంచారు.

ఈ బండి పేరు ఈ131. స్టెయిన్‌లెస్ స్టీల్ ఒళ్లు, గోడల వెంట పొడుగు బెంచీలు, నిక్కో లైన్‌లో మూడు పెట్టెలు. 2021 మార్చిలో మొదట టోక్యోకు తూర్పున బోసో ద్వీపకల్పంలో నడిపారు. అదే ఏడాది నవంబరులో సాగామి లైన్‌కు, 2022 మార్చిలో ఇక్కడికి, 2023 డిసెంబరు 24న త్సురుమి లైన్‌కు వచ్చింది. చాలాకాలం టోక్యో నగరం లోపల నడిచి పాతబడ్డ బళ్లనే ఇలాంటి లైన్లకు దించేవారు. దీనికి ముందు ఇక్కడ నడిచిన 205 రకం కూడా అంతే. 1985లో టోక్యో మధ్యలో తిరిగే యమనోటే లైన్‌లో మొదలైన రకం అది, వయసైపోయాక ఊళ్ల వైపు వచ్చింది. ఈ131ను మాత్రం ఈ చిన్న లైన్ల కోసమే కొత్తగా కట్టారు.

ఇది చెప్పగానే నాన్న నా వైపు తిరిగి కూర్చున్నారు. "మన దగ్గరా అంతే కదమ్మా. ఎక్స్‌ప్రెస్‌కు వాడి వాడి అరిగిన పెట్టె ప్యాసింజర్‌కు వస్తుంది. ప్యాసింజర్‌లో వెళ్లేవాడికి కొత్త పెట్టె ఎవరిస్తారు?" అన్నారు. బెంచీ మీద చెయ్యి వేసి నిమురుతూనే ఉన్నారు.

ఉత్సునోమియా నుంచి నిక్కో 40.5 కిలోమీటర్లు, దారంతా ఎక్కుడే. వెయ్యి మీటర్లకు 25 మీటర్లు లేచే చోటు ఉందని చెబితే ఆయన వెంటనే "నలభైకి ఒకటి. మన అరకు లైన్ అరవైకి ఒకటి" అన్నారు. అప్పటినుంచి నిక్కో వచ్చేదాకా మోటారు చప్పుడు మీదే చెవి. పొడుగు బెంచీలు నాకు నచ్చలేదు, కొండలు వీపు వెనక పడిపోతాయి. అమ్మకు అవే నచ్చాయి, మోకాళ్లు చాపుకోవచ్చని. పెద్ద సూట్‌కేసులు మాత్రం తీసుకెళ్లకండి, ఉయెనోలోనే లాకర్‌లో పెట్టేయండి.

ఇక బస. పేరు రాయను, రాసి ప్రయోజనం లేదు, ఇలాంటివి చాలా ఉన్నాయి. మనిషికి 15,400 యెన్‌లు, రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ కలిపి. శాకాహారం కావాలంటే మనిషికి ఇంకో 2,200 అన్నారు, సరే అన్నాను. మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, చేప మరిగించిన రసం కూడా వద్దు అని నేను జపనీస్‌లో మూడుసార్లు మెయిల్ రాశాను. మూడుసార్లూ "తెలిసింది" అనే జవాబు వచ్చింది.

రాత్రి ఏడింటికి పళ్లేలు తెచ్చారు. చూడటానికి ఎంతో అందంగా ఉన్నాయి, ఆ మాట కాదనను. ఒక మూత గిన్నె తీయగానే ఆవిరితో పాటు ఎండుచేప వాసన. పక్క గిన్నెలో పసుపు రంగులో మెత్తగా వణుకుతున్నది గుడ్డు అని నాకు తెలుసు, అమ్మకు తెలియదు. ఆమె చెంచా పట్టుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ క్షణం అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. డెబ్బై ఏళ్లకు దగ్గర పడుతున్న మనిషి, జీవితంలో గుడ్డు ముట్టలేదు, కూతుర్ని నమ్మి ఇంతదూరం వచ్చింది.

వడ్డించే ఆవిడ్ని పిలిచాను. "చేప ముక్క లేదండీ, రసం మాత్రమే" అంది. మేనేజర్ వచ్చారు. "రసం లేకపోతే రుచి ఉండదు" అన్నారు. గుడ్డు సంగతి అడిగితే వంటవాళ్లకు చెప్పడంలో పొరపాటు జరిగిందని తల వంచారు. ఆ తల వంచడం చాలాసేపు సాగింది. మరి అదనంగా తీసుకున్న 6,600 తిరిగివ్వమంటే, వంట అయిపోయింది కాబట్టి కుదరదన్నారు. రెండో గిన్నె అన్నం మాత్రం తెచ్చారు. అమ్మ సంచిలోంచి కందిపొడి డబ్బా తీసింది. ముగ్గురం అన్నంలో కందిపొడి కలుపుకుని తిన్నాం. నూనె కూడా లేదు. నాన్న గదికి వచ్చాక లెక్క వేశారు. "ముప్పై వేల రూపాయలమ్మా" అన్నారు, అంతే. తెల్లారేదాకా ఇంకో మాట లేదు. అంత డబ్బు తమ కోసం ఖర్చయిందన్న బాధ ఆయన మొహంలో కనబడుతూనే ఉంది, నాకు నిద్ర పట్టలేదు.

మీరు వెళ్తే "శాకాహారం" అన్న ఒక్క మాట మీద ఆధారపడొద్దు. "కత్సువో దాషి" అంటే ఎండుచేప రసం, "నిబోషి" అంటే చిన్న ఎండుచేపలు, "తమాగో" అంటే గుడ్డు. ఈ మూడు మాటలూ విడివిడిగా రాయండి. వాటి బదులు "కొంబు దాషి", అంటే సముద్రపు నాచుతో చేసిన రసం, చేయగలరా అని అడగండి. చేయలేమంటే భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోండి, డబ్బూ మిగులుతుంది, మనసూ నిలుస్తుంది.

మర్నాడు తోషోగు గుడి చూశాం, మనిషికి 1,600 యెన్‌లు. ఒకప్పుడు జపాన్‌ను ఏలిన తొకుగావా ఇయెయాసు సమాధి దాకా 207 మెట్లు, అమ్మ కిందే కూర్చుంది. గుడి నుంచి దిగి వస్తుంటే ఒక చిన్న కొట్టు. నాలుగే బల్లలు, అరవై దాటిన ఆవిడ ఒక్కతే. నేను పాఠంలా మొత్తం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, లోపలికి వెళ్లి, ఒక నల్లని నాచు ముక్క తెచ్చి అమ్మ చేతిలో పెట్టి వాసన చూడమంది. "ఇదొక్కటే వేస్తాను" అంది. అరగంట పట్టింది. వచ్చింది యుబా. సోయాపాలు కాగుతుంటే పైన కట్టే మీగడ పొర అది. క్యోటోలో ఒక్క పొరగా తీస్తారట, నిక్కోలో రెండుగా మడిచి తీస్తారు కాబట్టి మందంగా ఉంటుంది. ఒక పళ్లెంలో పచ్చిగా చుట్టలు చుట్టి సోయాసాస్‌తో, ఇంకో గిన్నెలో ఆ నాచు రసంలో ఉడికించి, పక్కన అన్నం. అమ్మ పొరను వేళ్లతో విప్పి చూసి "పాల మీగడే" అంది. ఒక్క మెతుకు మిగల్చలేదు. మనిషికి 1,400 యెన్‌లు. వచ్చేటప్పుడు అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

అయినా నాన్న మాత్రం తేరుకోలేదు. ఇంక ఎక్కడికీ వద్దు, ఇంట్లోనే ఉంటామన్నారు. అందుకే ఆదివారం త్సురుమి లైన్‌కు తీసుకెళ్లాను, డబ్బు ఖర్చయ్యే చోటు కాదని ముందే చెప్పి.

యోకోహామా, కవాసాకి ఒడ్డున ఫ్యాక్టరీల మధ్య తిరిగే లైన్ ఇది. మొత్తం కలిపినా 9.7 కిలోమీటర్లే. 1926లో సరుకు రవాణాకు మొదలై, 1930లో జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. సముద్రాన్ని పూడ్చిన నేల కాబట్టి అక్కడ పాత ఊళ్లు లేవు, స్టేషన్లకు పెట్టుబడి పెట్టినవాళ్ల పేర్లు పెట్టుకున్నారు. అసానో స్టేషన్ సిమెంటు వ్యాపారి అసానో సోయిచిరో పేరు, అన్జెన్ స్టేషన్ బ్యాంకుల యజమాని యాసుదా జెన్‌జిరో పేరు. త్సురుమి తప్ప ఏ స్టేషన్‌లోనూ సిబ్బంది ఉండరు.

2023 శరదృతువులో నేను ఒక్కదాన్నే వచ్చినప్పుడు ఇక్కడ 205 నడిచేది. ఇప్పుడు ఈ131, మూడేసి పెట్టెల బళ్లు ఎనిమిది. నిక్కో బండికి చెల్లెలే కానీ ఒళ్లు కాస్త సన్నం. ముందు భాగంలో గోధుమ, పసుపు రంగుల చుక్కలు. వెనకటి రోజుల్లో ఈ లైన్‌లో తిరిగిన గోధుమరంగు బళ్లను, తర్వాత వచ్చిన పసుపు బళ్లను గుర్తుచేసే రంగులవి. నాన్న అలవాటుగా ఒంగి చూసి, పట్టాల మధ్య వెడల్పు కళ్లతోనే కొలిచి "మూడున్నర అడుగులు" అన్నారు. మనది ఐదున్నర. "ఇంత ఇరుకు పట్టా మీద ఇంత నిదానంగా, కుదుపు లేకుండా ఎలా పోతోందో చూడు" అని అమ్మకు చెప్పారు. రెండు రోజుల తర్వాత అమ్మతో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అది.

అసానో దగ్గర లైన్ చీలుతుంది. అక్కడి నుంచి ఉమి-షిబౌరా 1.7 కిలోమీటర్లు. చివరి మలుపు తిరిగాక ఎడమ కిటికీ నిండా నీళ్లే. ప్లాట్‌ఫామ్ కాలువ అంచునే ఉంది, కంచె పట్టుకుని కిందకు చూస్తే అలలు గోడకు తగులుతుంటాయి. స్టేషన్ బయట తోషిబా ఫ్యాక్టరీ గేటు, ఉద్యోగులు తప్ప ఇంకెవరూ వెళ్లకూడదు. మనలాంటివాళ్ల కోసం 1995లో ఆ కంపెనీయే పక్కన చిన్న పార్కు కట్టింది. కార్డు గీసి పార్కులోకి వెళ్లొచ్చు, మళ్లీ గీసి రావచ్చు. రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది.

వచ్చిన బండి కొద్ది నిమిషాల్లో తిరిగి వెళ్తుంది. సెలవు రోజున అది వదిలేస్తే తర్వాతది గంటకు పైనే. టైమ్‌టేబుల్ ఫోటో తీసుకుని మరీ వెళ్లండి. తినడానికి కూడా ఇంటి నుంచే తెచ్చుకోండి, పార్కులో హోటల్ ఏమీ లేదు. మాకు పులిహోర ఉంది కాబట్టి ఆ బండి వదిలేశాం. దూరంగా త్సురుమి త్సుబాసా వంతెన, ఎదురుగా ఓడలు, ఏప్రిల్ ఎండ. నాన్న బెంచీ చివర కూర్చుని తిన్నారు. తిన్నాక, షెడ్‌లో రాత్రి డ్యూటీలు, 1990 తుపానుకు నీళ్లు చేరిన రోజులు, నేను పుట్టిన రాత్రి తాను ఏ ఇంజిన్ కింద ఉన్నదీ, అన్నీ చెప్పారు. ఆ ఇంజిన్ నంబరు కూడా చెప్పారు. నాకు ముప్పై ఏడేళ్లు, ఈ సంగతి మొదటిసారి వినడం.

తిరుగు దారిలో కొకుదో స్టేషన్‌లో దిగాం. 1930 నాటి కమాను గూడు, యుద్ధకాలంలో విమానాలు కాల్చిన గుళ్ల గుర్తులు గోడ మీద ఇంకా ఉన్నాయి. చీకటిగా ఉందని అమ్మ భయపడింది, పది నిమిషాలకే వచ్చేశాం.

నిన్న రాత్రి నాన్న తన సుయికాలో ఎంత ఉందో చూడమన్నారు. 1,340 యెన్‌లు ఉన్నాయి. "సాగామి లైన్‌లో కూడా ఈ బండే అన్నావు కదా, అదెంత దూరం?" అని అడిగారు. చిగాసాకి నుంచి హషిమొతో దాకా 33.3 కిలోమీటర్లు, అక్కడా తలుపులకు బొత్తాలే. మంగళవారం సెలవు పెట్టాను. అమ్మ ఈసారి దద్దోజనం అంటోంది.