లౌత్ కౌంటీలో ఊరి మైదానాల వెంట

డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు వారాంతానికి ఎటు వెళదామని అనుకున్నప్పుడు మొదట తలుచుకునేది పశ్చిమ తీరంలోని మోహెర్ కొండచరియలనే. నన్నడిగితే ఒక్కసారైనా ఉత్తరానికి రైలెక్కి లౌత్ కౌంటీ చూసి రమ్మంటాను. ఐర్లండ్‌లోని 32 కౌంటీల్లో విస్తీర్ణంలో ఇదే అతి చిన్నది, సుమారు 820 చదరపు కిలోమీటర్లు. కోటలు, పాత మఠాలు, సముద్రం అన్నీ ఉన్నాయి. అయినా ఈ కౌంటీ మనసు తెలియాలంటే అక్కడి గేలిక్ క్లబ్బుల, అంటే ఐర్లండ్ సొంత ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్, కర్రతో బంతిని కొట్టే హర్లింగ్ ఆడే క్లబ్బుల మైదానాలకు వెళ్లి తీరాలి. అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందు ఎప్పుడు వెళ్లాలన్న సంగతి. కౌంటీ జట్ల పోటీలు జూలైలో అఖిల ఐర్లండ్ ఫైనళ్లతో ముగుస్తాయి. ఆ తర్వాత ఆటగాళ్లందరూ తమ తమ ఊరి క్లబ్బులకు తిరిగి వస్తారు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు జరిగే ఆ క్లబ్ ఛాంపియన్‌షిప్పే చూడవలసింది. ఇక్కడ ఎవరికీ జీతాలు లేవు. వేసవిలో డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో వేల మంది ముందు ఆడినవాడు సోమవారం పొద్దున్నే బడిలో పాఠం చెప్పడానికో, ఇళ్లు కట్టే పనికో వెళ్లిపోతాడు. ఒక్కో పారిష్‌కు, అంటే ఒక చర్చి కింద ఉండే ఊరికి, ఒక్కో క్లబ్బు. పెరిగిన ఊరు ఏదైతే జట్టు కూడా అదే. అందుకే మైదానం గట్టున నిలబడిన ప్రతివాళ్లకూ లోపల ఆడుతున్నవారిలో కొడుకో, అల్లుడో, పక్కింటి కుర్రాడో ఉంటాడు.

ఆట తెలియకపోయినా పది నిమిషాల్లో అర్థమవుతుంది. రెండు నిలువు స్తంభాల మధ్య, అడ్డకడ్డీ పైనుంచి బంతి వెళితే ఒక పాయింటు. కింద వలలో పడితే గోల్, దానికి మూడు పాయింట్లు. 2025 నుంచి ఫుట్‌బాల్‌లో 40 మీటర్ల వంపు గీత బయటి నుంచి తన్ని స్తంభాల మధ్య దాటిస్తే రెండు పాయింట్లు ఇస్తున్నారు. స్తంభాల పక్కన నిలబడే అంపైర్లు తెల్ల కోట్లలో ఉంటారు. పాయింటుకు తెల్ల జెండా, గోల్‌కు ఆకుపచ్చ, రెండు పాయింట్లకు నారింజ. ఆ జెండా లేవకముందే జనం కేక వేస్తారు, పిల్లలైతే అంపైరు చెయ్యి ఏ జెండా మీదికి పోతుందా అని కళ్లప్పగించి చూస్తారు.

రైల్లో వెళితే లౌత్‌లో మొదట వచ్చేది డ్రాహెడా. బోయిన్ నది, మధ్యయుగపు సెయింట్ లారెన్స్ ద్వారం, మతం కోసం ప్రాణాలిచ్చిన ఆర్చిబిషప్ ఆలివర్ ప్లంకెట్‌ది, సెయింట్ పీటర్స్ చర్చిలో భద్రపరచిన శిరస్సు చూసేసరికి ఒక పూట గడిచిపోతుంది. పక్కనే మీత్ కౌంటీలో వేల ఏళ్ల నాటి సమాధి న్యూగ్రేంజ్ ఉంది కాబట్టి పర్యాటకులు ఎక్కువ, శనివారాల్లో గదుల ధరలూ ఎక్కువే. ఇక్కడి న్యూటౌన్ బ్లూస్‌ది లౌత్ ఫుట్‌బాల్‌లో అత్యధిక టైటిళ్లు గెలిచిన ఘనచరిత్ర. కానీ నాకు అంతకన్నా నచ్చింది ఊరి బయట మొనాస్టర్‌బోయిస్. వెయ్యేళ్లకు పైబడిన మ్యూరెడక్ శిలువ దాదాపు అయిదున్నర మీటర్ల ఎత్తున, ఒక్క అంగుళం వదలకుండా చెక్కిన బొమ్మలతో నిలబడి ఉంటుంది. చూడడానికి రుసుము లేదు. నీవ్ మార్టిన్ క్లబ్బు ఈ చుట్టుపక్కల ఊళ్లదే. ఆ క్లబ్బు 2020లో తొలిసారి కౌంటీ సీనియర్ టైటిల్ గెలిచింది. లౌత్ కెప్టెన్ సామ్ మల్రాయ్ వాళ్ల కుర్రాడే.

ఆ పేరు ఎత్తితే 2025 మే 11 గురించి చెప్పకుండా ఎవరూ ఊరుకోరు. ఆ రోజు క్రోక్ పార్క్‌లో లౌత్ 3-14, మీత్ 1-18. ముందు అంకె గోల్స్, తర్వాతిది పాయింట్లు; అంటే 23కు 21. 1957 తర్వాత, 68 ఏళ్లకు తూర్పు ఐర్లండ్ కౌంటీల లైన్‌స్టర్ ఛాంపియన్‌షిప్ దక్కింది. ఆ ఆనందం ఎంతటిదో తెలియాలంటే 2010 కూడా తెలియాలి. అప్పటి ఫైనల్లోనూ ప్రత్యర్థి మీతే. ఆట చివరి క్షణాల్లో లౌత్ ఒక్క పాయింటు ముందుంది. మీత్ ఆటగాడు బంతిని చేత్తో గీత దాటించినా రిఫరీ గోల్ ఇచ్చేశాడు, కప్పు చేజారింది. మళ్లీ ఆడించలేదు కూడా. ఈ అన్యాయాన్ని పదిహేనేళ్లు గుండెల్లో మోసిన ఊళ్లివి. ఇప్పటికీ టీ బల్ల దగ్గర మాట కలిపితే అయిదో నిమిషానికల్లా సంభాషణ అక్కడికే చేరుతుంది.

కారు లేనివాళ్లు మకాం పెట్టవలసింది డండాక్‌లో. రైలు ఉంది, బస్సులన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి, డ్రాహెడాతో పోలిస్తే మాకు గది చవగ్గా దొరికింది. గది చిన్నదే, కిటికీ రోడ్డు వైపు. కానీ ఇంటావిడ మా కోసం పొద్దున గుడ్డు, మాంసం లేకుండా పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ వేయించి పెట్టింది. ఏ మైదానంలో ఎన్ని గంటలకు ఆట ఉందో, ఎవరి కారులో చోటుందో కూడా ఆవిడే కనుక్కుంది. భోజనానికి భారతీయ హోటళ్లు డండాక్‌లోనూ డ్రాహెడాలోనూ ఉన్నాయి. మధ్యలోని ఊళ్లలో శాకాహారులకు కష్టమే.

డండాక్‌కు దగ్గరలోని నాక్‌బ్రిడ్జ్‌కు తప్పక వెళ్లండి. అక్కడి పొలంలో మూడు మీటర్ల ఎత్తు నిలువురాయి ఒకటి ఉంది. పురాణ వీరుడు కూ హులిన్ చావుదెబ్బ తిన్నాక, శత్రువుల ముందు కూలిపోకూడదని తనను తాను ఈ రాతికే కట్టేసుకున్నాడని కథ. గడ్డిలో తడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మంచి బూట్లు కావాలి. ఇదే ఊళ్లో హర్లింగ్ కూడా బాగా ఆడతారు. లౌత్ ప్రధానంగా ఫుట్‌బాల్ కౌంటీ, హర్లింగ్ క్లబ్బులు కొద్దే; అయినా కౌంటీ జట్టు 2022లో చిన్న హర్లింగ్ కౌంటీలకు పెట్టే లోరీ మార్ కప్పు గెలిచింది. విరామంలో పిల్లలందరూ హర్లీలు, అంటే ఆట కర్రలు పట్టుకుని మైదానంలోకి పరుగెత్తారు. ఒక చిన్నది తన హర్లీని నా చేతికిచ్చింది. యాష్ కలపతో చేసిన కర్ర, వెడల్పాటి కొస చీలకుండా చుట్టూ రేకు పట్టీ, పట్టుకునే చోట చెమటకు నల్లబడిన టేపు. బిళ్లంగోడు ఆడిన చేతులకు ఆ ఊపు కొత్తగా అనిపించదు.

ఆర్డీకి రైలు లేదు, బస్సులో వెళ్లాలి. ఒకే పొడవాటి వీధి, మధ్యలో కోట, నది ఒడ్డున కూ హులిన్ తన చేతిలో చనిపోయిన ప్రాణమిత్రుడు ఫెర్డియాను మోస్తున్న కంచు విగ్రహం. చిన్నప్పుడు కలిసి విద్య నేర్చుకున్నవాళ్లు యుద్ధంలో ఎదురెదురై రేవు దగ్గర పోరాడారని కథ. ఆ రేవు పేరే ఊరి పేరు. 1957లో కార్క్‌ను ఓడించి అఖిల ఐర్లండ్ కప్పు తెచ్చిన లౌత్ కెప్టెన్ డెర్మట్ ఓబ్రయన్ ఇక్కడి సెయింట్ మేరీస్ ఆటగాడు, పైగా పేరున్న అకార్డియన్ వాద్యకారుడు. ఆటగాళ్లకు దగ్గరగా నిలబడి చూడడానికి ఇక్కడి మైదానం నాకు బాగా నచ్చింది. టికెట్టు ముందుగా ఫోనులో కొనుక్కోవడం మేలు. చాలాచోట్ల గేటు దగ్గర నగదు తీసుకోరు.

ఇక కార్లింగ్‌ఫర్డ్. అందంలో దీనికి సాటి లేదు: జాన్ రాజు కోట, వెనక 589 మీటర్ల స్లీవ్ ఫోయ్ కొండ, నీటి ఒడ్డున ఓమీత్ దాకా సైకిల్ బాట. అయినా శని, ఆదివారాల్లో ఇక్కడ గది తీసుకోవద్దు. పెళ్లికి ముందు విందుల బృందాలతో ఊరంతా నిండిపోతుంది. మేము దిగిన చోట అర్ధరాత్రి దాటినా మెట్ల మీద కేకలు ఆగలేదు, ఇచ్చిన డబ్బుకు నిద్ర కూడా దక్కలేదు. వారం మధ్యలో అయితే హాయిగా ఉండవచ్చు. ఆదివారం బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే సైకిలెక్కండి.

కార్లింగ్‌ఫర్డ్ వైపునే ఉన్న కూలీ అనే కొండల మీద, హర్లీతో బంతిని కొట్టుకుంటూ సాగే పుక్ ఫాడా పోటీకి మాత్రం ఏ ఇబ్బందైనా పడవచ్చు. సెటాంటా అనే కుర్రవాడు, అంటే పెద్దయ్యాక కూ హులిన్ అయినవాడు, బంతిని ముందుకు కొట్టుకుంటూ రాజుగారి కోట దాకా నడిచాడన్న కథను పట్టుకుని 1960లో దీన్ని మొదలుపెట్టారు. దాదాపు 5 కిలోమీటర్ల కొండ దారి. దాన్ని ఎవరు తక్కువ దెబ్బల్లో పూర్తి చేస్తే వాళ్లే విజేత. బంతి ఫెర్న్ పొదల్లో పడితే ఆటగాళ్ల వెంట నడుస్తున్నవాళ్లూ వెతుకుతారు. వానకోటు, నీళ్లు, తిండి వెంట తెచ్చుకోవాలి, పైన దుకాణాలేమీ ఉండవు. ముందు రోజు రాత్రికే డండాక్ చేరి, పొద్దున అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకోవడం అన్నిటికన్నా సులువు.