జైల్లో టీబీ స్క్రీనింగ్: మిషన్‌కి ఐదు స్టార్లు, పిలిచిన తీరుకి ఒకటి

ఏ జైలో చెప్పను, అడగొద్దు. ఏడు నెలలు రిమాండ్‌లో ఉన్నాను, నాకు హెచ్‌ఐవీ ఉంది, దాన్ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. అక్కడ జరిగిన టీబీ స్క్రీనింగ్ గురించి ఈ రివ్యూ.

పొద్దున లెక్కింపు అవగానే టీమ్ వచ్చింది. వచ్చినవాళ్లు మంచోళ్లే. కానీ వార్డరు "ఏఆర్‌టీ మందులు వేసుకునేవాళ్లు ఇటు రండి" అని బ్యారక్ మొత్తానికి వినపడేలా కేకేశాడు. మన అనుమతి లేకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టంలోనే ఉంది, ఆయనకి మాత్రం లైను తొందరగా కదలాలి, అంతే. మందుల కోసం వచ్చే మొహాలు నాకు తెలుసు, ఆరుగురం. లేచింది ఇద్దరం.

అడిగేవి నాలుగే: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు. మిగతావాళ్లకి రెండు వారాలు దాటిన దగ్గు లెక్క, హెచ్‌ఐవీ ఉన్న మాకు నిన్న మొదలైన దగ్గయినా సరే, నాలుగింట్లో ఒక్కటున్నా పరీక్ష చెయ్యాలి. ప్రశ్నలడిగే అమ్మాయేమో అందరినీ ఒకేలా "రెండు వారాల పైన దగ్గుందా" అంటోంది. నాకు నాలుగు రోజుల నుంచి దగ్గు, అయినా పక్కన పదిమంది వింటుంటే "లేదు మేడమ్" అనేశాను. బరువు చూశారు గానీ, లోపలికొచ్చిన రోజు హిస్టరీ టికెట్‌లో (ఖైదీ వివరాలు రాసే జైలు రికార్డు) రాసిన బరువుతో పోల్చలేదు, పోల్చుంటే నాలుగు కిలోలు తగ్గానని అక్కడే దొరికిపోయేవాణ్ణి.

ఎక్స్‌రే మాత్రం సూపర్. కెమెరాలా చేత్తో పట్టుకునే మిషన్, బ్యారక్ ముందే గోడకి నిలబెట్టి అందరికీ తీశారు (అందరికీ తీసేటప్పుడు ఇక ఆ కేక ఎందుకో!). మామూలుగా అయితే బయట ఆసుపత్రికి ఎస్కార్ట్ పోలీసులు దొరకాలి, దొరికిన రోజు డాక్టరు ఉండాలి, ఆ గోల ఏదీ లేదు. నా ఎక్స్‌రేలో నీడ కనపడిందని మధ్యాహ్నం విడిగా గదిలోకి పిలిచి అడిగితే అప్పుడు అన్నీ చెప్పాను, చెమటల సంగతి కూడా. కళ్లె పరీక్ష మైక్రోస్కోప్‌తో కాకుండా నేరుగా ట్రూనాట్‌లో (క్రిమి జన్యువుని పట్టే మిషన్) చేశారు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కళ్లెలో క్రిములు తక్కువుండి మైక్రోస్కోప్‌కి చాలాసార్లు చిక్కవట. పాజిటివ్ వచ్చింది.

ఆరు నెలల కోర్సు మొదలుపెట్టారు. టీబీ మందు రిఫాంపిసిన్ వేసుకుంటున్నంత కాలం హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ రోజుకి రెండుసార్లు వేసుకోవాలని డాక్టరు ఓపిగ్గా చెప్పారు, దానికి ఇంకో స్టార్. టీబీ ఉన్నవాళ్లకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నెలకి 1000 రూపాయల నిక్షయ్ డబ్బులు మాత్రం బయటికొచ్చి అకౌంట్ నంబర్ ఇచ్చాకే పడ్డాయి.

బెయిల్ సాయంత్రం ఏడింటికి వచ్చింది, అప్పటికే డిస్పెన్సరీకి తాళం. చేతిలో ఒక్క మాత్ర లేకుండా గేటు దాటాను. నిక్షయ్ ఐడీ (టీబీ పేషెంట్‌గా నమోదైన నంబర్) కాగితం మీద రాసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, మర్నాడు మా ఊరి పీహెచ్‌సీలో అది చూపించగానే మందులిచ్చారు. లోపల మీవాళ్లెవరైనా టీబీ మందులు వాడుతుంటే ములాఖత్‌కి వెళ్లినప్పుడు ఆ నంబర్ అడిగి రాసుకోండి.